కోమ్ సిద్రా కొయ్యమనిషి

వజీహా ఏ వ్యాసాన్నయినా కింది నుంచి మొదలుపెట్టేది. ముందు ఆధార గ్రంథాలు, తర్వాత చివరి పేరా, ఆ తర్వాత దాని పైది, అలా పైకి. రాసేవాళ్లు అలిసిపోయేది చివర్లోనే కాబట్టి తప్పులు కూడా అక్కడే పేరుకుంటాయని ఆమె అనుభవం. కైరోలో ఆ పాత భవనం పై అంతస్తులోని విజ్ఞాన సర్వస్వం కార్యాలయంలో పరిశీలకురాలిగా చేరినప్పటి నుంచీ అదే అలవాటు. అందువల్ల ఆ జనవరి ఆదివారం పొద్దున తన బల్ల మీదికి వచ్చిన "కోమ్ సిద్రా కొయ్య విగ్రహం" అన్న వ్యాసంలో ఆమె చదివిన మొదటి వాక్యాలు ఇవయ్యాయి.

"ఈ స్త్రీమూర్తికి జతగా దొరికిన భర్త నెఖ్తీ విగ్రహాన్ని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అజ్ఞానులైన గ్రామస్థులు మంటలో వేసి కాల్చివేశారు. దాని స్ఫటికపు కళ్లు మాత్రం చెక్కుచెదరకుండా మ్యూజియంలో ఉన్నాయి."

ఎర్ర పెన్సిలుతో మొదటి వాక్యం కింద గీత గీసింది. గీత సగంలోనే మొన విరిగింది. సొరుగులోంచి బ్లేడు తీసి, పాత పత్రిక మీద పొట్టు రాలేలా నింపాదిగా చెక్కుకుని, మిగిలిన సగం గీసి పక్కన "ఆధారం?" అని రాసింది. దాని కింద ఇంకో ప్రశ్న చేర్చింది. "మనిషంతా కాలిపోతే కళ్లు పగలకుండా ఎలా మిగిలాయి?"

మధ్యాహ్నం సంపాదకుడు లమయీ చేతిలో టీ గ్లాసుతో వచ్చి ఆమె భుజం మీదుగా ప్రూఫు వైపు చూశాడు.

"కోమ్ సిద్రా మీ ఊరే కదూ, సిత్ వజీహా? అందుకే మీకు పంపాను."

"మా నాన్న ఊరు ఉస్తాద్. ఈ వాక్యం నేను దాటనివ్వను."

లమయీ చదివాడు. నిట్టూర్చాడు. "రాసింది డాక్టర్ ముఫీద్. ఆ విగ్రహం గురించి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు చెప్పండి?"

"విగ్రహం గురించి తెలియొచ్చు. ఊరి గురించి ఏం తెలుసు?"

"గురువారానికి ఫారాలు ప్రెస్సుకి పోవాలి. అంతకుమించి నేను ఆపలేను." టీ గ్లాసు ఆమె బల్ల మీదే మర్చిపోయి వెళ్లిపోయాడు.

మర్నాడు ముఫీద్ తనే ఆఫీసుకి వచ్చాడు. రిటైరై చాలా కాలమైన ప్రొఫెసరు. మెడకి ఉన్ని మఫ్లరు, చేతిలో కర్ర. కూర్చోగానే కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని పిడి మీద గడ్డం ఆనించాడు.

"ఆధారం కావాలన్నారట. తవ్వకాల నాయకుడి పుస్తకం కింద ఇచ్చానే, చూళ్లేదా?"

"చూశానండీ. యుద్ధం రాగానే ఆయన పడవెక్కి తన దేశం పోయాడు. కోమ్ సిద్రాలో మంట ఆయనకి ఎక్కణ్నుంచి కనపడింది?"

ముఫీద్ నవ్వాడు. "పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టరు చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. అందరికీ తెలిసిన సంగతే అది."

"అందరికీ తెలుసు. స్కూల్లో నన్ను 'ఏమే, ఫరో మీద రొట్టె కాల్చుకున్నదానా' అని పిలిచేవాళ్లు. మా ఊరి నుంచి వచ్చిన ఏ పిల్లయినా ఆ మాట పడాల్సిందే." వజీహా గొంతు పెంచలేదు. ప్రూఫు కాగితం అంచు మాత్రం వేళ్ల మధ్య నలిగిపోతోంది. "మా నాన్న ఒకటే చెప్పేవాడు. ఆ దొరలే బొమ్మను ఎత్తుకుపోయి నింద మా మీద వేశారని. కళ్లు అందుకే మిగిలాయి డాక్టర్‌గారూ. మొయ్యడానికి వీలుగా ముందే ఊడదీసి ఉంటారు, తొందర్లో మర్చిపోయారు."

"మీ నాన్న కళ్లారా చూశాడా?"

"అప్పటికి పదేళ్లవాడు. చూసే ఉంటాడు."

"ఆయన్నే అడగరాదూ?"

"పోయి చాలా ఏళ్లయింది."

ముఫీద్ కర్ర పిడి మీద వేళ్లు ఆడించాడు. "చూడమ్మా, నువ్వూ వినికిడే చెబుతున్నావు, నేనూ వినికిడే రాశాను. నాది అచ్చయింది, అంతే తేడా. ఆ రోజుల మనిషి ఎవరైనా ఉంటే వెళ్లి అడిగిరా. దొరలే ఎత్తుకుపోయారని ఒక్కరు చెప్పినా నా చేత్తో నేనే కొట్టేస్తాను."

"మా మేనత్త ఉంది," అంది వజీహా.

*

మంగళవారం పొద్దున బయల్దేరిన రైలు మల్లవీ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అయినా వెచ్చదనం లేదు. స్టేషను బయట పాత వ్యాను ఎక్కి, చెరుకు బళ్ల వెనక నత్తనడకన కోమ్ సిద్రా చేరింది.

మేనత్త దౌలత్ ఇంటి మిద్దె మీద మట్టి పళ్లాల్లో రొట్టె పిండి ముద్దలు ఎండకి పొంగుతున్నాయి. ఆమె కొడుకు బదవీ భార్య నఈమా నీడ పాకినప్పుడల్లా పళ్లాలను ఎండలోకి జరుపుతోంది. దౌలత్ గోడ వార చాప మీద కూర్చుని ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడు గింజలు ఏరుతోంది. చూపు దాదాపు పోయింది. వేళ్లే గింజ గింజనీ తడిమి రాయి తగలగానే పక్కకి విసురుతున్నాయి.

"ఎవరే అది? చెప్పుల చప్పుడు కైరోదానిలా ఉంది," అంది.

"నేనే అత్తా, వజీహాని."

"రావే కోడలా! పెళ్లిళ్లకి రావు, చావులకి రావు. ఇంత చలిలో ఎవరు తరిమారే నిన్ను?"

ముందు తినమంది. నఈమా పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె, ఉప్పు జున్ను, ఉల్లిపాయ పెట్టింది. వజీహా తింటున్నంతసేపూ దౌలత్ ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి గేదె ఎవరి చేలో పడిందో చెబుతూనే ఉంది. చేతులు కడుక్కున్నాక వజీహా సంచిలోంచి ప్రూఫు తీసి ఆ వాక్యం చదివి వినిపించింది.

గింజలు ఏరే వేళ్లు ఆగాయి.

"అజ్ఞానులంటే ఏందే?"

"ఏమీ తెలియనివాళ్లు అని."

"తెలీకేం," అంది దౌలత్. "తెలుసు."

వజీహాకి ఆ మాట అర్థం కాలేదు. "దొరలు ఎత్తుకుపోయారు కదా అత్తా. నాన్న చెప్పేవాడుగా. నువ్వు ఆ సంగతి చెబితే చాలు, రాసుకుని..."

"మీ నాయన చెప్పేవాడు. మేమందరం చెప్పేవాళ్లం." దౌలత్ పళ్లెం పక్కకి పెట్టింది. "బదవీ లేడుగా ఇంట్లో?"

"చేలోకి పోయాడు అత్తా," అంది నఈమా.

"దొరలు ఆ బొమ్మలు పెట్టిన కొట్టుకి కాపలా ఎవరనుకున్నావే? మీ తాత. తాళంచెవి ఆయన నడుముకే ఉండేది. ఆడబొమ్మని ముందే పెట్టెలో పెట్టి కైరో పంపారు. మగబొమ్మకి పెట్టె వచ్చేలోపు యుద్ధమొచ్చి దొరలు పోయారు. ఆ ఏడు సైన్యమోళ్లు ఒంటెల్ని తోలకపోయారు, ఊక మోసకపోయారు, పొయ్యిలోకని దాచుకున్న పత్తికట్టెలు కూడా బళ్లకెత్తారు. మిగిలినవి పిడకలు. ఎన్నడూ లేంది వాన పడి అవీ ముద్దయినాయి. అట్టాంటప్పుడు మా అమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చినాయి. ఒకటే వణుకు. పళ్లు కొట్టుకుంటా ఉంటే నాకు పక్క గదిలోకి వినపడేది. మంత్రసాని బయటికొచ్చి, గది కాగకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అనింది."

నఈమా పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది.

"మీ తాత గడప మీద కూర్చున్నాడు. శానాసేపు కూర్చున్నాడు. ఆ మీదట లేచి పోయి దాన్ని భుజాన వేసుకొచ్చాడు, శవాన్ని తెచ్చినట్టు. కాళ్లు మీ నాయన పట్టుకున్నాడు. చాప మీద పండబెట్టి కత్తి మొనతో ముందు కళ్లు తీశాడు. ఇవి కాలవు, సర్కారోళ్లకి అప్పజెప్తా అని రుమాల్లో కట్టాడు. నాకు మటుకు వేరే తోచింది. అది చూస్తా ఉంటే గొడ్డలెట్టా ఎత్తుతాడు?"

"నువ్వు చూశావా అత్తా?"

"చూడ్డమేందే, ముక్కలు అందించింది నేనే. ఎన్ని వేల ఏండ్లు ఎండిందో అది! పొగ రాలే. ఒకటే మంట. ఎంత బాగా మండిందంటే అంత తొందరగా అయిపోయింది. ఏదో తియ్యటి వాసన. ఇప్పటికీ యాడన్నా మంచి కట్టె కాలితే లేచి దూరం పోతా."

"బిడ్డ?"

"పుట్టింది. తెల్లారేదాకా ఉండింది. మా అమ్మ బతికింది." దౌలత్ ముసుగు చెంగుతో పెదాలు తుడుచుకుంది. "ఇన్‌స్పెక్టరొచ్చినప్పుడు మీ తాత ఏం చెప్పాడో తెలుసా? ఊరోళ్లు తలుపు పగలగొట్టి తీసకపోయి కాల్చుకున్నారు, కళ్లు నాకు బూడిదలో దొరికినాయి అన్నాడు. తలుపు తనే పగలగొట్టి పెట్టాడు. ఊరి మీదికి జవాన్లొచ్చారు. మగోళ్లను వరసగా నిలబెట్టి కొరడాలతో కొట్టారు. ఒక్కడు నోరు మెదపలే. ఏమని మెదుపుతారు, వాళ్లకేం తెలుసని? ఆ తర్వాత ఊళ్లో మొహం చూపించాలి గదా. దొరలే ఎత్తకపోయారని మీ నాయన మొదలుపెట్టాడు. ఊరు నమ్మింది. చెప్పగా చెప్పగా మీ నాయనే నమ్మినాడేమో, నాకు తెలీదు."

మిద్దె మీద ఎండ జరిగింది. పిండి ముద్దలు సగం నీడలోకి వచ్చాయి. ఎవరూ వాటిని కదపలేదు.

వజీహా ప్రూఫును మడిచి సంచిలో పెట్టింది. "ఇది నేను ఎక్కడా చెప్పను అత్తా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

"చెప్పుకో. రాసుకో. కొట్టినోళ్లు పోయారు, తిన్నోళ్లు పోయారు. నేనొక్కదాన్నే గదా మిగిలింది." దౌలత్ మళ్లీ పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. "మా ఇంటి తప్పు ఊరు మొయ్యడమేంది? ఏనాటి నుంచో అడగాలనుకుంటున్నా, ఎవరినడగాలో తెలీలే."

వ్యాను ఆగే చోటుదాకా నఈమా వెంట వచ్చింది. పిండి ఎండి తెల్లబడిన వేళ్లతో వజీహా కోటు చెయ్యి పట్టుకుంది.

"రాయొద్దు అక్కా. ముసలామెకేం, ఇయ్యాలో రేపో. మేం ఉండాలి ఇక్కడ. ఊరంతా మాట పడితే ఎవరికీ నొప్పి ఉండదు, తలా కాస్త పడతారు. అదే మా ఒక్క ఇంటి మీద పడితే? మా ఆయన కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడాలని తిరుగుతున్నాడు. మా పిల్లల్ని బళ్లో ఏమంటారో నీకు తెలీదా?"

"తెలుసు," అంది వజీహా. వ్యాను ఎక్కింది. వ్యాను కదిలాక వెనక్కి తిరిగి చూస్తే నఈమా ఇంకా అక్కడే నిలబడి ఉంది.

*

గురువారం ఆమె ఆఫీసు తలుపు తీయగానే లమయీ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మీ పంతం నెగ్గింది, సిత్ వజీహా! పొద్దున్నే ముఫీద్‌గారు ఫోన్ చేశారు. రాత్రంతా ఆలోచించారట. కళ్ల సంగతి మీరు అడిగింది నిజమే, నా దగ్గర జవాబు లేదు, ఆ వాక్యం తీసేయండి అన్నారు. 'జత విగ్రహం జాడ తెలియరాలేదు' అని వేద్దాం. మీరొక సంతకం పెడితే పంపించేస్తాను."

కొత్త ప్రూఫు ఆమె బల్ల మీద ఉంది. వాక్యం శుభ్రంగా, పొట్టిగా ఉంది. అందులో ఊరూ లేదు, అజ్ఞానం లేదు, మంటా లేదు. ఇలాంటి వాక్యం కోసమే ఆమె ఆదివారం పెన్సిలు విరగ్గొట్టుకుంది.

కోటు విప్పకుండానే కూర్చుంది. కలం మూత తీసింది. సంతకం పెట్టాల్సిన చోట కలం ఆనించి మళ్లీ ఎత్తింది. ఆ చోట చిన్న సిరా చుక్క పడింది. కిటికీ అవతల ట్రామ్ గంట మోగుతూ పోయింది. ఎవరో వచ్చి టీ పెట్టి వెళ్లారు. అది చల్లారి పైన మీగడలా పొర కట్టేదాకా ఆమె కదల్లేదు. తర్వాత ఆ వాక్యం మొత్తాన్ని ఒకే గీతతో కొట్టేసింది. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

"ఇదేంటండీ?" అన్నాడు లమయీ.

"డాక్టర్‌గారిని ఒకసారి రమ్మనండి."

ముఫీద్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మఫ్లరు విప్పకుండానే కాగితం తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"నెఖ్తీ విగ్రహాన్ని యుద్ధకాలపు చలికాలంలో, వంటచెరకు కరువైనప్పుడు, కొట్టు కాపలాదారే ప్రసవవేదన పడుతున్న తన భార్యనూ పుట్టబోయే బిడ్డనూ కాపాడుకోవడానికి కాల్చాడు. కళ్లను ముందే తీసి ప్రభుత్వానికి అప్పగించాడు. నేరం గ్రామస్థుల మీద మోపబడింది. తల్లి బతికింది, శిశువు మరణించింది. (కాపలాదారు కుమార్తె దౌలత్ అబ్దుల్ మౌజూద్ చెప్పిన మాట.)"

రెండోసారి చదివాడు. "అయితే కాల్చారన్నది నిజమే."

"నిజమే."

"కాపలాదారు..."

"మా తాత."

లమయీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఫీద్ కాగితం దించాడు.

"నీకు మతిపోయిందా అమ్మా? మూడు రోజుల నాడు నీ ఊరి పరువు కోసం నాతో పోట్లాడావు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ ఇంటి పరువు నువ్వే తెచ్చి బజార్లో పెడుతున్నావు. ఎందుకు?"

"ఊరు చెయ్యనిది ఊరు మోసింది డాక్టర్‌గారూ. దెబ్బలు కూడా తిన్నారు. మీ పాత వాక్యం మా తాత చెప్పిన అబద్ధం. మీ కొత్త వాక్యం మా నాన్న చెప్పిన అబద్ధానికి చోటిస్తోంది. రెండూ మా ఇంటివే."

"ఒక ముసలామె మాట," అన్నాడు ముఫీద్. గొంతులో మునుపటి పట్టు లేదు. "ఇలాంటివి విజ్ఞాన సర్వస్వంలో వేస్తే రేపు నన్ను నలుగురూ..."

"ఇన్‌స్పెక్టరు విన్నది ఒక కాపలాదారు మాట. దాన్ని వేశారు కదండీ."

ముఫీద్ కాగితం బల్ల మీద పెట్టాడు. కర్ర ఆనించి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "ఆ పాత వాక్యాన్ని ఎన్ని తరగతుల్లో చెప్పానో," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని." తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుని, కాగితం మళ్లీ అందుకుని, ఒక చోట వేలు పెట్టాడు.

"శిశువు అన్నావు. మగపిల్లాడా, ఆడపిల్లా?"

వజీహా గుర్తుచేసుకోబోయింది. మిద్దె మీద ఎండ, పళ్లెంలో గింజలు, అత్త పెదాలు తుడుచుకున్న చెంగు, అన్నీ గుర్తున్నాయి. ఇది మాత్రం లేదు.

"అడగలేదు," అంది.

"అడగాల్సింది."

కోమ్ సిద్రాలో ఫోను ఉన్నది ఒక్క కిరాణా కొట్లోనే. లైను కలిసి, ఎవరో పరుగెత్తి వెళ్లి, నఈమా వచ్చి రిసీవరు ఎత్తేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వజీహా చెవిలో కొట్టు గోల, ఎవరో సబ్బు బేరమాడటం వినిపిస్తూ ఉంది.

"రాసేశావా?" అంది నఈమా.

"రాశాను."

అవతల సబ్బు బేరం ఇంకా సాగుతోంది.

"నఈమా, అత్తని ఒక్కటి అడిగి వస్తావా? ఆ బిడ్డ..."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పెట్టేసిందేమో అనుకుంది వజీహా. లమయీ గోడ గడియారం వైపు చూశాడు. చివరికి ఆయాసపడుతూ నఈమా గొంతు మళ్లీ వచ్చింది.

"ఆడపిల్లంట. పేరు పెట్టే ఏడో రోజు రానేలేదు, ఇంక పేరెక్కడ పెడతాం అంటోంది. ఏడుస్తోంది అక్కా. ఎన్నడూ ఏడవలే, ఇయ్యాల ఏడుస్తోంది." గొంతు తగ్గించింది. "మా ఆయనకి తెలిసింది. ఇంక మా ఇంటికి రాకు. ఫోను కూడా చెయ్యకు."

లైను తెగిపోయాక కూడా వజీహా రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉంది. తర్వాత మెల్లిగా పెట్టేసి తన బల్ల దగ్గరికి వచ్చింది. "శిశువు" అన్న మాట కొట్టేసి పైన "ఆడశిశువు" అని రాసింది.

లమయీ వంగి చూసి తల పట్టుకున్నాడు. "పేజీ ఇప్పటికే కిక్కిరిసి ఉంది సిత్ వజీహా. మీ వాక్యాన్నే ఎలాగో ఇరికించాను. ఇంకొక్క అక్షరం పెరిగినా లైను అవతలి పేజీలోకి పోతుంది, ప్రెస్సువాళ్లు ఒప్పుకోరు."

వజీహా ప్రూఫును దగ్గరికి లాక్కుంది. ఈసారి కింది నుంచి పైకి కాదు, మొదటి వాక్యం నుంచి చదువుతూ వచ్చింది. "అపురూప సౌందర్యంతో అలరారే ఈ కొయ్య విగ్రహం" అన్న చోట ఆగి ముఫీద్ వైపు చూసింది.

ఆయన కళ్లద్దాలు దించుకుని అది చదివాడు. చెయ్యి చాపి ఆమె చేతిలోని ఎర్ర పెన్సిలు తీసుకున్నాడు. "ఈ కొయ్య విగ్రహం" అన్నది మాత్రం ఉంచి, ముందున్న మాటలన్నిటినీ కొట్టేశాడు.

"ఇప్పుడు పడుతుందా?" అని లమయీని అడిగాడు.

లమయీ స్కేలు పెట్టి కొలిచి, పడుతుందన్నాడు.